చెస్టర్‌ఫీల్డు గురువారపు సంత

షెఫీల్డు నగరమునుండి దక్షిణముగా పోవు రైలుబండి ఎక్కినవాడు పుస్తకము తెరచి నాలుగు పుటలు తిరుగవేయునంతలో చెస్టర్‌ఫీల్డు వచ్చును. అయితే ఆ నాలుగు పుటలును చదువుట సాధ్యము కాదు. ఏలయన, ఊరింకను దవ్వున నుండగనే, ఇండ్లకప్పుల నడుమనుండి పైకి లేచి, పిండిన బట్టవలె మెలితిరిగి, ఒక ప్రక్కకు ఒరిగి నిలిచియున్న చర్చిశిఖరమొకటి కంటబడి, ఇది నిజముగా నిట్లే యున్నదా, లేక కిటికీ అద్దములోని దోషమా యని మనలను సందేహపెట్టును. అది సెయింట్ మేరీ అండ్ ఆల్ సెయింట్స్ చర్చి. శిఖరము పదునాలుగవ శతాబ్దమునాటిది. ఎత్తు 228 అడుగులు. కొన మాత్రము ఉండవలసిన చోటికి తొమ్మిదిన్నర అడుగుల దూరమున నున్నది. ఆరని పచ్చికలపతో కట్టి, లోపల అడ్డుదూలముల పొందిక చాలినంత చేయక, దానిపై ముప్పదిమూడు టన్నుల సీసపురేకు కప్పిరట. కలప ఆరినకొలది ముడుచుకొనుచు, సీసపు బరువునకు క్రుంగుచు, ఎండ తగిలిన వైపున ఒకతీరుగను తగులని వైపున వేరొకతీరుగను సాగుచు, కాలక్రమమున శిఖరము ఈ రూపమునకు వచ్చినది. ఆ శతాబ్ది నడుమ వచ్చిన మహామారిలో చేయితిరిగిన వడ్రంగులనేకులు నశించుటచే, మిగిలిన అరకొర పనివారు ఈ పనికి పూనుకొనిరని ఊహించువారు కలరు. ఊరివారి కథ వేరు: బోల్సోవర్ గ్రామపు కమ్మరి యొకడు సైతాను కాలికి నాడా కొట్టుచు మేకు తప్పుగా దింపెననియు, ఆ బాధకు సైతాను ఎగిరి తన్నిన తన్ను ఈ శిఖరమునకు తగిలెననియు వారందురు. తప్పు వడ్రంగిదో కమ్మరిదో తేలలేదు గాని, పనివానిదే యన్న విషయమున శాస్త్రమును పుక్కిటిపురాణమును ఏకీభవించినవి.

పనివారి పొరపాటువలన ప్రసిద్ధికెక్కిన ఈ ఊరి నడిబొడ్డున, ప్రతి గురువారమును, పాతసామానుల సంత జరుగును. అందు పనివారి పనిముట్లు రాసులుగా పోసి అమ్ముదురు. 1204వ సంవత్సరమున జాన్ రాజువలన శాసనము పొందిన పురాతనమైన సంత ఊరిది. మన హైదరాబాదున పురానాపూల్ చెంత జరుగు జుమ్మేరాత్ బజారును గురువారపు సంతయే యగుట కాకతాళీయమే గాని, రెండింటిని ఎరిగిన నాకు అది శుభశకునముగ తోచినది.

నేను షెఫీల్డునకు పోయినది మా మేనకోడలి యింటికి. ఆమె అచ్చటి ఆసుపత్రిలో వైద్యురాలు. పాత చేతిపనిముట్లపై నాకు గల మక్కువ మా కుటుంబమున అందరెరిగినదే. ఎర్రగడ్డ ఆదివారపు సంతలో ఏ గోనెపట్టాపైననో కమ్మరి చేసిన పాత ఉలి కంటబడినచో, కూడ వచ్చినవారిని మరచి అచ్చటనే గొంతుకూర్చుండు దుర్గుణము నాకు చిరకాలమునుండి కలదు. అయినను, గురువారమునాడు చెస్టర్‌ఫీల్డు పోయెదనని చెప్పగనే ఆమె నిట్టూర్చి, "మామయ్యా, ఇంత దూరం వచ్చినవాళ్ళు కోటలు చూస్తారు, సరస్సులు చూస్తారు. మీరేమో తుప్పు ఇనుము కొనడానికి పోతానంటారు!" అన్నది. అల్లుడు మాత్రము మాటాడక, వాహనశాలలో ఒక మూల ఖాళీ చేసి పెట్టెను. ఆ ఉపకారమునకు ఆతడు పిమ్మట కొంత పశ్చాత్తాపపడవలసివచ్చినది. ఆ సంగతి మీద చెప్పెదను.

సంతకు పోవువాడు ముందుగా కంటికి కొంత చదువు చెప్పించుట మంచిది. అందుకు షెఫీల్డును మించిన పాఠశాల లేదు. పదునాలుగవ శతాబ్దమున ఛాసర్ మహాకవి తన కథలలో ఒక పాత్ర మేజోడులో షెఫీల్డు కత్తిని దోపినాడనిన, అప్పటికే ఆ ఊరి యినుము పేరు దేశమున మారుమ్రోగుచుండెనన్నమాట. 1624లో అచ్చటి కత్తులవారు పార్లమెంటు చట్టముచే తమ సంఘమును ఏర్పరచుకొనిరి. డాన్ నదికిని, దానినుండి చీల్చిన కాలువకును నడుమ నున్న కెల్హామ్ ఐలండు మ్యూజియమునకు పోయినచో, సందర్శకులందరును 1905లో నిర్మించిన పన్నెండువేల అశ్వశక్తి గల ఆవిరియంత్రము చుట్టును మూగియుందురు. అది తిరుగునపుడు నేల కంపించును, చూడదగినదే. కాని నేను దానిని దాటి లోపలి కెన్ హాలీ సేకరణవద్దకు నడచితిని.

కెన్ హాలీ (1927–2014) షెఫీల్డులో పనిముట్ల దుకాణము నడపినవాడు. పండితుడు కాడు, శ్రీమంతుడును కాడు. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఆ నగరపు కర్మశాలలు ఒకదాని వెనుక నొకటి మూతపడుచుండగా, తక్కినవారు యంత్రములకును స్థలములకును వేలము పాడుచున్న సమయమున, ఈయన చెత్తకుప్పలోనికి పోవుచున్న వానిని ఏరుకొనెను. ఆయన ఘనత ఏమనగా, పూర్తియైన పనిముట్లతో తృప్తిపడలేదు. సగము చేసి వదలిన కత్తెరను, ఇంకను దంతములు కోయని రంపమును, పనిముట్లను చేయుటకు వాడిన పనిముట్లను, ధరల పట్టికలను, ముద్రలు కొట్టు అచ్చులను, పనిచేయుచున్న వృద్ధుల చలనచిత్రములను సైతము కూడబెట్టెను. 2010లో ఆ సేకరణకు అచ్చట ఒక ప్రదర్శనశాల ఏర్పడినది. ఇనుపకడ్డీ మొదలుకొని నిగనిగలాడు కత్తెర వరకు నడిమి దశలన్నియు వరుసగ పేర్చియుండుట చూచినపుడు, వస్తువును గాక ఒక మనుష్యుని ఉదయమునుండి సాయంకాలమువరకు చూచిన అనుభవము కలిగినది.

అచ్చట నన్ను చాలసేపు నిలిపివేసినది ఆకురాళ్ళు చేయువారి సామగ్రి. యంత్రములు రాకముందు, ఆకురాతిపై గల ప్రతి గంటును ఒక మనుష్యుడు చేతితో కొట్టినదే. మెత్తబరచిన ఉక్కుపట్టీని సీసపు దిమ్మపై ఆనించి, తోలుపట్టెలతో బిగించి, పొట్టి ఉలిని వాలుగ పట్టి, బరువైన సుత్తితో ఒక గంటు కొట్టును. ఆ గంటు అంచునకు ఉలిని జరిపి మరియొకటి కొట్టును. ఒక ప్రక్క ముగియగనే త్రిప్పి రెండవ ప్రక్క. గంట్ల నడిమి ఎడమును కొలుచునది కన్ను గాదు, ఉలి తగిలిన స్పర్శ మాత్రమే. ఆ సీసపు ధూళి గోళ్ళలోనికి, రొట్టెముక్కలోనికి, నెత్తురులోనికి పోయి, మణికట్టు పడిపోయి చేయి వ్రేలాడు రోగమువచ్చి ఎందరో పనివారు మంచమెక్కిరి. ఇక సానపట్టువారి గతి మరింత దారుణము: తిరుగుచున్న ఇసుకరాతిపై వంగి కూర్చుండి రాతిపొడి పీల్చి పీల్చి, ముఖ్యముగ పొడిరాతిపై ముళ్ళచెంచాలను నూరువారు, ఊపిరితిత్తులు చెడి నడివయస్సు రాకమునుపే మరణించుచుండిరని పందొమ్మిదవ శతాబ్దపు వైద్యులు వ్రాసియుంచిరి. పాత పనిముట్టును చేతబట్టి, ఆ కాలమే కాలమని మురిసిపోవువారు ఈ గదిలో ఒక గంట గడపవలెనని నా యభిప్రాయము.

మ్యూజియము వెడలి కొంత దూరము నడచినచో డాన్‌కాస్టర్ వీధిలో, 1848లో కట్టిన ఇటుకల కొలిమి యొకటి శంఖాకారమున నిలిచియున్నది. స్వీడను దేశపు ఇనుపకడ్డీలను బొగ్గుపొడిలో పొరలుపొరలుగ పూడ్చి, గాలి చొరకుండ మూసి, రోజుల తరబడి కాల్చగా, ఇనుము బొగ్గును ఆకళించుకొని, పైన బొబ్బలు లేచి, ఉక్కుగ మారును. 1951లో దానిలో కడసారి నిప్పు పెట్టిరి. ఈ బొబ్బల ఉక్కు అన్నిచోట్ల ఒకతీరుగ నుండదు. పైన కఱకు, లోన మెత్తన. ఆ లోపమును తీర్చినవాడు బెంజమిన్ హంట్స్‌మన్ అను గడియారములవాడు. తన గడియారపు స్ప్రింగులకు తగిన ఉక్కు దొరకక విసిగి, 1740 దశకమున, ఆ ఉక్కును మట్టిమూసలలో నుంచి పూర్తిగ కరగించి పోత పోయు పద్ధతిని కనిపెట్టెను. నాటినుండి షెఫీల్డు ఉలులపై, రంపములపై "కాస్ట్ స్టీల్" అను ముద్ర పడసాగెను. సంతలో ఆ రెండు మాటలు కనబడినచో చేయి వెనుకకు తీయరాదు.

ఇంక సంత. రాళ్ళు పరచిన విశాలమైన మైదానమున గుడ్డకప్పుల క్రింద బల్లలు వరుసలు తీరియుండును. పింగాణి పళ్ళెములు, గ్రామఫోను పలకలు, యుద్ధకాలపు పతకములు, చెవి విరిగిన టీకప్పులు, తపాలాబిళ్ళల పుస్తకములు, ఎవరి తాతవో తెలియని ఛాయాచిత్రములు. వీనినన్నిటిని దాటిపోవువానికే పనిముట్ల బల్లలు దొరకును. అవి సాధారణముగ చివర నుండును, వానను అవియే ముందు గ్రహించును. అమ్మువారు రెండు తెగలు. చనిపోయినవారి యిండ్లు ఖాళీచేసి, వచ్చినదెల్ల మూటగట్టి తెచ్చువారు మొదటివారు. వారికి ఉలికిని మేకుకును భేదము పట్టదు, పెట్టెడు ఇనుము ఒక ధర. రెండవవారు ఒకప్పుడు ఆ పనిముట్లతో బ్రతికినవారు. మొదటివారివద్ద చౌక, రెండవవారివద్ద విద్య. నేను ధనమును మొదటివారికిని, కాలమును రెండవవారికిని వెచ్చించితిని.

బీచికొయ్యతో చేసిన చిత్రికలు ఒక బల్లపై ఇరువది ముప్పది పడియుండెను. తలుపుచట్రములకు, అటకపట్టెలకు అంచుల నగిషీ తీయు సన్నని చిత్రికలవి. ఒక్కొక్కటి ఒక్కొక్క వంపు తీయును. ఇంచుమించు అన్నియు తొమ్మిదిన్నర అంగుళముల పొడవే. పదునెనిమిదవ శతాబ్ది చివరినాటికి ఇంగ్లండున ఆ కొలత స్థిరపడినది. ముందువైపు కొనపై చేసినవాని ముద్ర. దాని చుట్టును, క్రిందను, అడ్డముగను, వాడినవారి ముద్రలు. పనివాడు తన పేరు చెక్కించిన ఇనుప అచ్చును కొనుక్కొని తన ప్రతి పనిముట్టుపైనను కొట్టుకొనును. ఆతడు ముసలివాడై అమ్మినపుడు కొన్నవాడు ఆ పేరును చెరుపక ప్రక్కన తన పేరు కొట్టుకొనును. ఒక చిత్రికపై నాలుగు పేర్లు లెక్కించితిని. ఈ ముద్రలను పరిశోధించి డబ్ల్యు. ఎల్. గుడ్‌మన్ అను నాతడు 1968లో బ్రిటిషు చిత్రికకారుల చరిత్రయే వ్రాసెను. రాజుల నాణెములపై ఎందరో పరిశోధించిరి. వడ్రంగుల ముద్రలపైనను ఒకడు జీవితము ధారపోసినాడని తెలిసినపుడు నాకు కలిగిన సంతోషము ఇంతింతనరాదు. ఇట్టి చిత్రికలు నాలుగైదు పౌనులకే దొరకును; ఏలయన వానిని కొనువారిలో పలువురు గూటిలో అలంకారమునకు పెట్టుకొనువారే. కొనదలచినవారు కొయ్యపై సూదిబెజ్జములవంటి రంధ్రములున్నవేమో చూడవలెను. తట్టినపుడు వానినుండి తాజాపొడి రాలెనా, పురుగు ఇంకను కాపురమున్నదన్నమాట.

రెండవ తెగకు చెందిన ఒక వృద్ధుడు, నేను మాటిమాటికి వచ్చి చూచిపోవుట కనిపెట్టి, చిరునవ్వుతో తన బల్లపైనున్న రెండు కొలబద్దలను నా చేతికిచ్చి, "వీటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడండయ్యా" అనెను. రెండును పసుపుపచ్చని బాక్సువుడ్డుతో చేసి ఇత్తడి కొనలు వేసినవే, రెంటిపైనను అంగుళములే. కాని ఒకదాని పన్నెండవ అంగుళము రెండవదాని పన్నెండవ అంగుళమును దాటి కొంత ముందునకు పోయియున్నది. అచ్చు తప్పు గాదు. ఆయన పోతకర్మశాలలో కొయ్యనమూనాలు చేసినవాడు. కరగిన ఇనుము ఇసుక అచ్చులో చల్లారునపుడు అడుగునకు అంగుళములో ఇంచుమించు ఎనిమిదవ వంతు ముడుచుకొనును. కావున నమూనాను ఆ మేరకు పెద్దదిగ చేయవలెను. ప్రతిసారి లెక్కగట్టి తలనొప్పి తెచ్చుకొనుటకంటె, కొలబద్దనే సాగదీసి గుర్తులు పెట్టుకొన్న బుద్ధిశాలి యెవడో పూర్వము ఉండెను. ఇత్తడికొక బద్ద, ఉక్కునకొక బద్ద. వేరువేరు ముడుతలు గనుక వేరువేరు అంగుళములు. "ఈ బద్ద తెలియక మామూలు వడ్రంగి ఎత్తుకుపోయి బీరువా చేశాడనుకోండి, తలుపు పట్టదు" అని ఆయన పకపక నవ్వెను. ఆ బద్దను కొంటిని. బేరమాడలేదు, ఆ పాఠమునకు ఫీజు కట్టవలసినదే గదా.

ఉలి మాత్రము మొదటి తెగవానివద్ద దొరకినది. తగరపు డబ్బాలో స్క్రూడ్రైవర్లు, వంగిన మేకులు, తాళపుచెవుల నడుమ తలక్రిందుగ నిలిచియుండెను. అంగుళము వెడల్పు, ఒళ్ళంతయు గోధుమరంగు తుప్పు, వాదరను ఎవడో రంగుడబ్బా మూతలు తీయుటకు వాడి గంట్లు పెట్టినాడు. అట్టి గంట్లు భయపడదగినవి కావు, నూరిన పోవును. భయపడవలసినది వెనుకటి చదునుపక్కను: వాదరకు దగ్గర అచ్చట తుప్పు లోతుగ తిని గుంటలు పడినచో ఆ ఉలి ఎంత నూరినను మంచి అంచు నిలుపదు. బొటనవ్రేలితో రుద్ది చూచితిని. పొట్టు రాలినది, గుంటలు తగులలేదు. మెడ క్రింద సగము అక్షరములు: చేసినవాని పేరు తుప్పు తినివేసినది, "కాస్ట్ స్టీల్" మిగిలినది. మార్పుల్స్ వారి మూడాకుల గుర్తో, సోర్బీవారి పంచ్ బొమ్మయో ఉన్నచో సేకరణకర్తలు ఎగబడుదురు. పేరు చెడినదానిని ఎవరును అడుగరు. అమ్మువాడు అయిదు పౌనులనెను, మూడిచ్చితిని. ఇద్దరమును లాభపడితిమని ఇద్దరమును తలంచితిమి.

ఇక వాహనశాల. తుప్పు తీయుటకు పలువురు పలు మార్గములు చెప్పుదురు. నాకు తెలిసినంతలో సామాన్యుని ఇంట సాధ్యమైనది వినెగరు. మన ఇండ్లలో ఇత్తడిబిందెలకు చింతపండు పట్టించుటకును దీనికిని సూత్రమొక్కటే, పులుపు చిలుమును కరగించును. పిడి విడిగ ఊడి వచ్చినందున ఉలిని మాత్రము ఒక రాత్రి వినెగరులో ముంచి యుంచితిని. తెల్లవారునప్పటికి ఆ వాసన వాహనశాలనుండి వంటింటికిని, వంటింటినుండి పడకగదికిని ప్రాకినది. అల్లుని పశ్చాత్తాపమని ముందు చెప్పినది ఇదియే. ఉదయమున తీసి తీగెబ్రష్షుతో రుద్దగా తుప్పు నల్లని బురదగ జారిపోయినది. వెంటనే చాకలిసోడా కలిపిన నీట కడిగి పులుపును విరిచి, బాగుగ ఆరబెట్టి, నూనె రాయవలెను. ఈ పని మరచినచో మరునాటికి క్రొత్త తుప్పు పుట్టును.

అప్పుడు బయటపడిన లోహము తెల్లగ నుండదు. బూడిదనలుపుగ, మచ్చలుమచ్చలుగ నుండును. ఇచ్చటనే మంచి పునరుద్ధారకుడును చెడ్డ పునరుద్ధారకుడును వేరగుదురు. చెడ్డవాడు ఆ నలుపును సహింపలేడు. తిరుగుడుచక్రమునకు పెట్టి అద్దమువలె మెరయువరకు అరగదీయును. మెరుపు వచ్చును, ముద్ర పోవును, అంచులు గుండ్రనగును. అంతకంటె ఘోరమేమనగా, చక్రపు వేడికి వాదర నీలిరంగు తిరిగినచో ఉక్కు పదును చచ్చి మెత్తబడును; ఇక అది ఉలి గాదు, ఉలి ఆకారము గల యినుపముక్క. నూరవలసినది రెండే తావులు: వెనుకటి చదునును, ముందటి వాలును. మందపాటి అద్దముపై నీటితో గరుకుకాగితము అంటించి, ఉలి వెన్నును దానిపై ఆనించి, ముందునకు వెనుకకు లాగితిని. చాలసేపు ఏమియు మారినట్లు తోచదు. పిదప, వాదరకు ఆనుకొని వెండిగీత యొకటి పుట్టి మెల్లమెల్లగ వెడల్పగును. ఆ ఉలిలో అట్లు మెరుపు పెరుగుచుండగా, ప్రక్క అంచున మరియొక సన్నని గీత కనబడినది. గీతకు ఒకవైపున లోహము పీచుపీచుగ, మందముగ. రెండవవైపున నున్నగ, ప్రకాశవంతముగ.

ఆ గీత ఉక్కునకును ఇనుమునకును గల సరిహద్దు. మూస ఉక్కు మిక్కిలి వెలగల కాలమున ఉలి మొత్తమును దానితో చేయలేదు. మెత్తని ఇనుపశరీరమునకు పలుచని ఉక్కుపలకను కొలిమిలో ఎఱ్ఱగ కాచి సుత్తిదెబ్బలతో ఒకటిగ అతికిరి. ఇనుము దెబ్బకు విరుగకుండ ఓర్చుకొనును, ఉక్కు వాదరను నిలుపును. మన కమ్మరులును గొడ్డళ్ళకు, కొడవళ్ళకు నోట ఉక్కు పెట్టి అతుకుట ఎరిగినవారే. ఆ పని ఎంత చక్కగ కుదిరినదో చూచుటకు భూతద్దము తెచ్చుకొంటిని. అతుకులో ఒక్క బీట కనబడలేదు.

మూస ఉక్కు మాట వచ్చినపుడు తెలుగువాడు కోనసముద్రమును తలంపకుండ నుండలేడు. నిజామాబాదు జిల్లాలోని ఆ పల్లెలో, ఊక కలిపిన మట్టిమూసలలో ఇనుమును మూసి, దీర్ఘకాలము కాచి, మెల్లగ చల్లార్చి, ఊట్జ్ అని పాశ్చాత్యులు పిలిచిన ఉక్కుముద్దలు చేయుచుండిరి. పారశీక వర్తకులు అంతదూరమునుండి వచ్చి కొనిపోవుచుండుటను హెచ్. డబ్ల్యు. వాయిసీ ప్రత్యక్షముగ చూచి వ్రాసెను. ఆ వ్యాసము 1832లో ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. అంతకుముందే, 1790 దశకమున, హిందూదేశపు ఊట్జ్ ముద్దలు బొంబాయినుండి లండనునకు చేరినవి. 1795లో జార్జి పియర్సన్ వానిపై రాయల్ సొసైటీలో వ్యాసము చదివెను. లండనులో కత్తులు చేయు జేమ్స్ స్టోడార్ట్ ఆ ఉక్కునకు ముగ్ధుడై, కమ్మరికొడుకైన మైకేల్ ఫారడేతో కలిసి 1820 ప్రాంతమున దాని రహస్యము ఛేదింపజూచెను. ఆ పరీక్షలలోనుండియే ఉక్కులో ఇతర లోహములను కలుపు విద్యకు అంకురము పడినది. విద్యుచ్ఛాస్త్రమునకు పోవుటకు ముందు ఫారడే చేతులు మన ఉక్కుతో మసి అయినవన్నమాట.

ఇంతమాత్రమున షెఫీల్డువారు మనవద్ద దొంగిలించిరని చెప్పువారిని నేను సమర్థింపను. హంట్స్‌మన్ తన మూసను కాచునప్పటికి ఆ ముద్దలింకను లండను చేరలేదు. పైగా ఆయన పద్ధతి వేరు. ఆయన ఉక్కును ముందుగ చేసికొని నీళ్ళవలె కరగించి పోతపోసెను; మనవారు మూసలోనే ఇనుమును ఉక్కుగ మార్చిరి. ఇద్దరును గొప్పవారే. ఒక భేదము మాత్రము మనసున ముల్లుగ గ్రుచ్చుకొనును: హంట్స్‌మన్ పేరు షెఫీల్డులో బడిపిల్లవాడు చెప్పును, కోనసముద్రపు మూసలవానిది ఒక్క పేరైన మనకు మిగులలేదు.

ఉలికి ఇరువదియైదు డిగ్రీల వాలు పెట్టి, నూనెసానపై ముప్పది డిగ్రీలకు చివరి అంచు తీసి, వెన్నుపై తేలిన సన్నని ఇనుపపొరను విరిచి, తోలుపై నాలుగుసార్లు తుడిచితిని. పదును పరీక్షకు గట్టి కొయ్య అక్కరలేదు. మెత్తని పైనుకొయ్య అడ్డకోత చాలును. మొద్దు ఉలి దానిని నలిపి చింపును. పదునైనది పొట్టు విడువకుండ కోసి, క్రింద మైనపు నునుపును మిగుల్చును. అట్లే మిగిల్చినది. పిడి బాక్సువుడ్డుది, తలవైపున తరములుగ పడిన కొయ్యసుత్తి దెబ్బలకు పుట్టగొడుగు విచ్చినట్లు చీలియున్నది. దానిపై వాడినవాని పొడియక్షరములు రెండు. ఇసుకకాగితము తాకింపక, టర్పెంటైను తడిపిన గుడ్డతో మురికి మాత్రము తీసి, అవిసెనూనె పట్టించి, ఇత్తడిపొన్నును బిగించితిని. అవిసెనూనె గుడ్డలను ముద్దచేసి మూల పారవేయరాదు, తమంతట తామే అంటుకొనును. తీగెపై పరచి ఆరనీయవలెను.

సేకరణ విషయమున ఒక మాట. రోచెస్టరు నగరపు గిల్డ్‌హాల్ మ్యూజియమున బెంజమిన్ సీటన్ అను నాతని పనిముట్ల పెట్టె కలదు. తండ్రి కొనియిచ్చిన క్రొత్త పనిముట్లకు ఆతడు 1797లో పెట్టె చేసికొని, సర్దుకొని, పిమ్మట అంతగా వాడనే లేదు. అందుచే రెండువందల యేండ్ల తరువాతను అవి అంగడినుండి తెచ్చినట్లే యున్నవి. పండితులకు అది పెన్నిధి. అట్టివి ఒకటి రెండు ఉండవలసినదే. కాని తక్కినవాని నన్నిటిని అద్దపుబీరువాలో పెట్టువారిపై నాకు గౌరవము లేదు. ఆ దేశమున పాత పనిముట్లను పోగుచేసి, విశ్రాంతివృత్తులైన పెద్దలచేత బాగుచేయించి, ఆఫ్రికాలోని వడ్రంగులకు, కమ్మరులకు పంపు ధర్మసంఘములు కలవు. వారే ఈ విద్యకు నిజమైన వారసులని నా తీర్పు. ఉలి నాతో ఇంటికి వచ్చినది. విమానమున చేతిసంచిలో అనుమతింపరు గనుక వాదరకు మందపుగుడ్డ చుట్టి పెద్దపెట్టెలో సర్దితిని. ఇప్పుడు మా వీధి వడ్రంగి దానితో తలుపులకు మడతబందుల గాళ్ళు తీయుచున్నాడు.

మన పల్లెలలోను పట్టణములలోను అటకలపై తాతలనాటి వడ్రంగిపెట్టెలు ఇంకను కలవు: బాడిసలు, చిత్రికలు, రంపములు, బరమాలు, మూలమట్టములు. దసరానాడు కుంకుమ పెట్టి, మరునాడు పాతయినుపవానికి కిలోలెక్కన తూచుట మన యిండ్లలో జరుగుచున్నది. అట్టి పెట్టె గలవారు దానిని తూకమునకు వేయుటకు ముందు, ఊరిలోని వృద్ధవడ్రంగిని ఒక్కపూట ఇంటికి పిలిచి, ఒక్కొక్కదాని పేరును, పనిని, చేసిన కమ్మరి ఊరును ఆయనచేత చెప్పించుకొని వ్రాసియుంచవలెనని నా మనవి. ఆ తరువాత, పెట్టెను ఆయనకే ఇచ్చినను మంచిదే.